కడప, ఓర్వకల్లు టవర్లలో ఏముందో కూడా అడగాలి

కడపకో కర్నూలు దగ్గరి ఓర్వకల్లుకో కొత్త విమాన సర్వీసు వస్తుందంటే చాలు, మన దగ్గర ఎక్కడ చూసినా టెర్మినల్ ఫొటోలే. ఏసీ హాలు ఎంత బాగుంది, టికెట్ ఎంత, హైదరాబాద్‌కు ఎన్ని గంటలకు. ఆ విమానం నడిపే పైలట్లకు వీటితో పనే లేదు. విమానాలకు దారి చెప్పే కంట్రోలర్లు కూర్చునే టవర్ నుంచి మాట రేడియోలో స్పష్టంగా వినబడుతుందా, గాలి ఎటు వీస్తోందో ఇప్పుడు చూసి చెబుతున్నారా లేక గంట కిందటి లెక్క చదువుతున్నారా, మబ్బు కిందికి దిగితే రన్‌వే దాకా దారి చూపే పరికరం ఉందా, దిగడం కుదరకపోతే ఎక్కడికి మళ్లాలి, అంతదూరానికి ఇంధనం సరిపోతుందా... వాళ్లకు కావలసింది ఇవీ. సీమకు విమానాలు కావాలని ఇన్నేళ్లు అడిగిన మనం ఈ ప్రశ్నలు మాత్రం ఒక్కసారి కూడా గట్టిగా అడగలేదు.

పేద దేశాల ఆకాశంలో పైలట్లు ఎలా నెట్టుకొస్తారో తెలిస్తే ఇది ఎందుకు అడగాలో అర్థమవుతుంది. ఆఫ్రికా మీద చాలా చోట్ల కింది నుంచి రేడియో సరిగా అందదు, రాడార్ ఉండదు, ఒక దేశం కంట్రోలర్ పక్క దేశం కంట్రోలర్‌కు 'ఫలానా విమానం మీ వైపు వస్తోంది' అని చెప్పాడో లేదో నమ్మకం ఉండదు. అందుకని అక్కడ 126.9 మెగాహెర్ట్జ్ మీద ప్రతి విమానమూ తానెక్కడుందో, ఎంత ఎత్తులో ఉందో, తర్వాతి పాయింట్ ఎన్నింటికి దాటుతుందో తనంతట తానే చెప్పుకుంటూ పోతుంది, చుట్టుపక్కల వాళ్లు విని జాగ్రత్తపడతారు. నల్లమల ఘాట్‌లో మలుపు మలుపుకూ హారన్ కొట్టుకుంటూ పోయినట్టే. ఇదేదో పైలట్లు చాటుగా చేసుకునే పని కూడా కాదు, విమానయాన సంస్థల సంఘం అయాటా పెట్టిన పద్ధతి.

నాకు భయం వేసేది ఇక్కడే. పైలట్ల జాగ్రత్త వల్ల ప్రమాదాలు తప్పుతాయి, ప్రమాదాలు తప్పుతున్నాయి కాబట్టి ఇక రాడార్ ఎందుకు, ఇంకో ఇద్దరు కంట్రోలర్లు ఎందుకు అని డబ్బు పెట్టాల్సిన వాళ్లు వాయిదా వేస్తారు. లేని సౌకర్యాన్ని మనిషి నైపుణ్యంతో పూడ్చుకుంటూ పోతే ఆ లోటు ఎవరి కంటా పడదు, పడేనాటికి ఆలస్యమైపోతుంది.

మన దేశంలోనే అలా జరిగింది. 1996 నవంబరు 12న హరియాణాలోని చర్ఖీ దాద్రీ మీద సౌదీ విమానం, కజక్ విమానం ఢీకొని 349 మంది చనిపోయారు. 15 వేల అడుగుల దగ్గర ఆగమన్న కజక్ విమానం ఆగకుండా, సౌదీ విమానం ఉన్న 14 వేల దాకా దిగిపోయింది. తప్పు కజక్ సిబ్బందిదేనని విచారణ తేల్చింది, దాన్ని నేను కాదనడం లేదు. కానీ ఆ సాయంత్రం ఢిల్లీ కంట్రోలర్ తెర మీద విమానాలు చుక్కల్లా కనబడ్డాయే తప్ప వాటి ఎత్తు కనబడలేదు, ఎందుకంటే ఎత్తు చూపించే సెకండరీ రాడార్ అప్పటికి అక్కడ వాడకంలో లేదు. పైగా ఆకాశంలో ఎక్కువ భాగం వైమానిక దళానిది కావడంతో వచ్చే విమానాలకూ పోయే విమానాలకూ ఒకటే దారి. ఎదురుగా విమానం ఉంటే హెచ్చరించే టీకాస్‌ను తప్పనిసరి చేయడం, రాకపోకలకు వేరువేరు దారులు పెట్టడం అన్నీ ఆ తర్వాతే.

కాఠ్‌మాండూలో 2018 మార్చిలో బంగ్లాదేశ్ సంస్థ యూఎస్-బంగ్లా విమానం కూలి 51 మంది పోయినప్పుడు దర్యాప్తు ప్రధానంగా కెప్టెన్ మానసిక స్థితినే కారణంగా చూపింది. అయితే ఉన్న ఒక్క రన్‌వేకు ఏ చివర నుంచి దిగుతున్నారు, 02 నుంచా 20 నుంచా అన్న దాని మీద ఆఖరి నిమిషాల్లో టవర్‌కూ విమానానికీ మధ్య ఎంత గందరగోళం నడిచిందో ఆ రేడియో మాటల్లోనే ఉంది. ఇలాంటివి విని 'ఈ దేశాల కంట్రోలర్లకు చేతకాదు' అనేవాళ్లుంటారు, ఆ మాట నాకు నచ్చదు. తక్కువ మందితో, పాత పరికరాలతో, ఎక్కువ గంటలు పనిచేయించి చివర్లో తప్పు మనిషి మీద తోయడం అన్యాయం. మొన్న 2025 నవంబరులో ఢిల్లీలో ఫ్లైట్ ప్లాన్లు అందించే సిస్టమ్ మొరాయించి వందల విమానాలు ఆలస్యమైనప్పుడు, కంట్రోలర్లు ఆ పని చేత్తో చేసుకుంటూ నడిపారు. పరికరం ఆగితే ఆదుకునేది మనిషే, ఆ మనుషులే తక్కువైతే?

కర్నూలు వాళ్లకు ఇది దూరపు విషయమేమీ కాదు. 2009 సెప్టెంబరు 2న వైఎస్ రాజశేఖర రెడ్డి గారి హెలికాప్టర్ నల్లమలలో కూలితే, ఎక్కడ పడిందో తెలియడానికి మరుసటి రోజు పొద్దున దాకా పట్టింది. కూలడానికి ఏటీసీ, అంటే ఈ కంట్రోలర్ల వ్యవస్థ, కారణమని నేననడం లేదు. విమానాల వీహెచ్‌ఎఫ్ రేడియో చూపు పారినంత మేరే అందుతుంది, మధ్యలో కొండ అడ్డొచ్చినా, విమానం బాగా కిందికి దిగినా మాట తెగిపోతుంది. సాక్షాత్తు ముఖ్యమంత్రి ప్రయాణించిన హెలికాప్టర్ కోసమే అంతసేపు వెతకాల్సి వచ్చిందంటే, ఈ అడవి మీద తక్కువ ఎత్తులో ఎగిరే మామూలు శిక్షణ విమానం గతి ఏమిటి?

ఇక మన విమానాశ్రయాలు. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్లకు విమానాలు నడిపే ఉడాన్ పథకం కింద ప్రధాని సిమ్లా-ఢిల్లీ విమానంతో పాటు జెండా ఊపిన వాటిలో కడప-హైదరాబాద్ కూడా ఉంది. ఓర్వకల్లులో 2021 మార్చి 28న విమానాలు మొదలయ్యాయి. రెండుచోట్లా రన్‌వే సుమారు 2 వేల మీటర్లు, ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికి బాగానే సరిపోతుంది. అయితే మన ఎండల సంగతి మరిచిపోకూడదు. 43, 44 డిగ్రీల్లో గాలి పలచబడి రెక్కలకు పట్టు తగ్గుతుంది, పైకి లేవడానికి ఇంకాస్త ఎక్కువ దూరం పరుగెత్తాలి, లేదంటే బరువు తగ్గించుకోవాలి. ఏప్రిల్ మధ్యాహ్నాల్లో పైలట్‌కు ఆ నిమిషపు ఉష్ణోగ్రత, గాలి లెక్క కచ్చితంగా కావాలనేది అందుకే. చలికాలం పొగమంచు ఇంకో టెన్షన్. పరికరం సాయం లేకుండా కంటిచూపుతో దిగాలంటే మామూలుగా 5 కిలోమీటర్ల దూరం కనబడాలి, రన్‌వే దాకా రేడియో సంకేతాలతో దారి చూపే ఐఎల్‌ఎస్ పరికరం మొదటి స్థాయిది ఉన్నచోట 550 మీటర్లు కనబడితే చాలు. రద్దయిన విమానం కోసం కౌంటర్ దగ్గర గొడవపడే ముందు ఈ తేడా తెలుసుకుంటే, ఎవరి మీద కోప్పడాలో తెలుస్తుంది.

అన్నిచోట్లా ఐఎల్‌ఎస్ పెట్టాలంటే ఖర్చు, స్థలం, నిర్వహణ అంటారు. సరే, దారి వేరేది ఉంది. ఇస్రో, విమానాశ్రయాల ప్రాధికార సంస్థ ఏఏఐ కలిసి తయారుచేసిన గగన్ ఉపగ్రహ వ్యవస్థతో 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ విమానాన్ని దింపి చూశారు. కడపకు వచ్చేదీ ఏటీఆరే. దీనికి రన్‌వే పక్కన ఐఎల్‌ఎస్ యాంటెన్నాలు అక్కర్లేదు గానీ చుట్టూ కొండలు, టవర్లు ఎంత ఎత్తున్నాయో కొలిచే సర్వే, ఆమోదించిన దారి, విమానంలో తగిన పరికరం, శిక్షణ పొందిన సిబ్బంది కావాలి. మన ఎంపీలు కొత్త రూట్ల కోసం ఢిల్లీకి వినతిపత్రాలు పట్టుకుపోతారు కదా, ఈసారి అందులో ఈ సర్వే ఎప్పుడు చేస్తారు, కడప, ఓర్వకల్లు టవర్లలో షిఫ్టుకు ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు అన్న రెండు ప్రశ్నలు చేర్చి, రాతపూర్వకంగా జవాబు తెప్పించాలి.