గెలవనివాడికీ జీతమిచ్చే ఆట

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి చివర ఒక కర్రీ పాయింట్ ఉంది. కదిరి నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబం దాన్ని నడుపుతోంది. కిందటి నెల పప్పు, గుత్తివంకాయ పార్సిల్ కట్టిస్తుంటే దాని యజమానే మాట కదిపాడు. "అన్నా, మా వాడు ఆదివారం వచ్చిందంటే మూడున్నరకే లేచి సైకిలేసుకొని నంది కొండకు పోతాండాడు. పీయూసీ సెకండియర్ నెత్తి మీదుంది. అడిగితే సైకిల్ రేసులే నా ఉద్యోగం అంటాడు. దీంట్లో బతుకుదెరువు ఉందా?"

ఎనిమిదేళ్లుగా నేనూ ఆ కొండ ఎక్కుతున్నాను కాబట్టి నన్ను అడిగాడు. ఆ అబ్బాయి నాకు తెలుసు. సెకండ్ హ్యాండ్ అల్యూమినియం సైకిల్ మీద, లక్షలు పోసి కార్బన్ సైకిళ్లు కొన్నవాళ్లను మలుపు మలుపుకీ దాటుకుంటూ పోతాడు. కాళ్లలో సత్తా ఉంది, అందులో అనుమానం లేదు. "ఎన్ని రేసులు గెలిస్తే జీతమిస్తారన్నా?" అన్నది తండ్రి రెండో ప్రశ్న. ఈ ఆటను బయటి నుంచి చూసే ఎవరికైనా ముందు తట్టేది ఇదే. కూరలు చల్లారిపోయేదాకా మాట్లాడినా నేను పూర్తిగా చెప్పలేకపోయాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద రేసు టూర్ డి ఫ్రాన్స్ 1903లో మొదలైంది. ఇప్పుడది 21 స్టేజీలు (రోజుకొకటి), మధ్యలో రెండు రోజుల విశ్రాంతి, మొత్తం 3,400 కిలోమీటర్లకు అటూ ఇటూ. జట్టుకు ఎనిమిది మంది చొప్పున 170 మందికి పైగా బయల్దేరతారు. చివరికి విజేత వేసుకునే పసుపు జెర్సీ దక్కేది ఒక్కరికే. మిగతావాళ్లలో చాలామందికి ఆ జెర్సీ తమది కాదని మొదటి రోజు పొద్దున్నే తెలుసు. వాళ్లను గెలవమని జట్టు అడగదు కూడా. వాళ్లకు జీతం ఇచ్చేది వేరే పనికి.

ఆ పని అర్థం కావాలంటే గాలి సంగతి తెలియాలి. చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల వేగం దాటాక, తొక్కేవాడి శక్తిలో అధిక భాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందున్నవాడి వెనక చక్రానికి అడుగు దూరంలో నక్కితే దాదాపు మూడోవంతు శ్రమ తగ్గుతుంది. గుంపు మధ్యలో ఉంటే ఇంకా ఎక్కువే మిగులుతుంది. నాయకుడు ఐదు గంటల పాటు ఇతరుల నీడలో ప్రయాణించి, చివరి అరగంటలో తన బలమంతా బయటికి తీస్తాడు. ఆ నీడ పట్టేవాడిని డొమెస్టీక్ అంటారు. ఫ్రెంచిలో ఇంటి పనివాడు అని అర్థం. జట్టు కారు దగ్గరకు వెనక్కి వెళ్లి జెర్సీ నిండా నీళ్ల సీసాలు కుక్కుకుని మళ్లీ ముందుకు రావడం, నాయకుడికి పంక్చర్ అయితే తన చక్రం తీసి ఇచ్చేయడం, గుంపును వదిలి ముందుకు పారిపోయిన ఐదారుగురిని గంటల తరబడి తరమడం ఇతని పనులు. బెల్జియం రైడర్ టిమ్ డెక్లెర్క్‌ను 'ఎల్ ట్రాక్టర్' అని పిలిచేవారు. గుంపు ముందుండి గంటలకొద్దీ లాగడమే ఆయన పని. చెప్పుకోదగ్గ గెలుపు తన పేరు మీద లేదు. అయినా ప్రపంచంలోని పెద్ద జట్లలో ఏళ్ల తరబడి ఉద్యోగం చేశాడు.

ఇంతవరకు చెప్పగానే కర్రీ పాయింట్ ఆయన టక్కున అందుకున్నాడు. "అంటే వంట మాస్టర్ పేరు అందరికీ తెలుస్తాది. ఉల్లిగడ్డలు తరిగినోడి పేరు ఎవురికీ తెలీదు. కానీ వాడు రాకపోతే ఆ పొద్దు అంగడి లేదు. అంతే కదా?" అంతే. నేను చదివిన ఏ వివరణా ఇంత సూటిగా లేదు.

తరిగేవాడు ఒక్కోసారి వంట మాస్టర్ అవుతాడు. ఆస్ట్రేలియాకు చెందిన మాథ్యూ హేమన్ 2000 నుంచి ప్రొఫెషనల్, వృత్తి జీవితమంతా ఇతరుల కోసం తొక్కినవాడు. 2016 ఫిబ్రవరి చివర్లో ఒక రేసులో పడి చేయి విరగ్గొట్టుకున్నాడు. రోడ్డు మీదికి వెళ్లే వీల్లేక ఇంట్లోనే ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను కదలకుండా బిగించే స్టాండు మీద, తొక్కుతూ కూర్చున్నాడు. ఏప్రిల్ 10న ఫ్రాన్స్‌లో పారి–రూబే రేసు. అందులో గతుకుల రాళ్ల బాటలే యాభై కిలోమీటర్లకు పైగా ఉంటాయి. ఆ రేసు నాలుగుసార్లు గెలిచిన టామ్ బూనెన్‌ను ఆఖరి మీటర్లలో ఓడించినప్పుడు హేమన్ వయసు 37. ఆ గెలుపు చూసి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో నేనొకడిని. కానీ అది రాకపోయినా ఆయనది విజయవంతమైన కెరీరేనని ఇక్కడి కుర్రాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. మనకు కెరీర్ అంటే కప్పు. వాళ్లకు కెరీర్ అంటే వచ్చే ఏడు కాంట్రాక్టు.

ఆ కాంట్రాక్టు మాత్రం గట్టి నేల కాదు. ఈ ఆటకు టికెట్లు లేవు, రోడ్డు పక్కన ఎవరైనా నిలబడి ఉచితంగా చూడవచ్చు. టీవీ హక్కుల డబ్బులో జట్లకు దక్కేది పెద్దగా ఉండదు. జట్టు నడిచేది దాదాపు పూర్తిగా స్పాన్సర్ మీదే. స్పాన్సర్ తప్పుకుంటే ఏళ్లు కష్టపడి కట్టిన జట్టు ఒక్క శీతాకాలంలో మాయమవుతుంది. జట్లు మూడు మెట్లుగా ఉంటాయి: వరల్డ్ టీమ్, ప్రోటీమ్, కాంటినెంటల్. పై రెండింటిలో కనీస వేతనం నిబంధన ఉంది, కొత్తగా చేరిన కుర్రాడికి రెండేళ్ల కాంట్రాక్టు ఇవ్వాలి. మూడో మెట్టులో కనీస వేతనమే లేదు. సైకిల్, జెర్సీ ఇచ్చి సరిపెట్టేవాళ్లూ ఉంటారు. ఆడవాళ్ల పెద్ద జట్లలో కనీస వేతనం వచ్చిందే 2020లో, అదీ ఏడాదికి 15,000 యూరోలతో మొదలైంది. దీనికి తోడు ప్రమాదం. స్విట్జర్లాండ్ రైడర్ జీనో మేడర్ 2023 జూన్‌లో సొంత దేశపు రేసులో కొండ దిగుతూ పడి చనిపోయాడు. అప్పటికి అతనికి 26 ఏళ్లు. ఈ సంగతి ఆ తండ్రికి చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. కొడుకు తెల్లవారుజామున లారీల మధ్య బళ్లారి రోడ్డు మీద వెళ్తున్నాడని ఆయనకు ఎలాగూ తెలుసు. చెప్పాను.

మనవాళ్లు అక్కడిదాకా ఎందుకు చేరడం లేదన్న ప్రశ్నకు మన దగ్గర రెడీమేడ్ జవాబులున్నాయి: సైకిళ్లు ఖరీదు, కోచ్‌లు లేరు, మన శరీరాలు అంతే. మూడోది వినగానే నాకు కోపం వస్తుంది. ఎరిత్రియా దేశం మొత్తం జనాభా బెంగళూరు నగరం కంటే తక్కువ. అక్కడి అస్మారాలో 2000లో పుట్టిన బినియం గిర్మాయ్ 2022లో బెల్జియంలోని గెంట్–వెవెల్గెమ్ రేసు గెలిచాడు. 2024 టూర్ డి ఫ్రాన్స్‌లో మూడు స్టేజీలు గెలిచి, పాయింట్లలో మొదటివాడికిచ్చే ఆకుపచ్చ జెర్సీతో ఇంటికి వెళ్లాడు. టూర్‌లో స్టేజీ గెలిచిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ అతనే. దారి సాఫీగా ఏమీ లేదు. స్విట్జర్లాండ్‌లోని ఎగ్ల్‌లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య శిక్షణ కేంద్రంలో తయారయ్యాడు. తర్వాత చేరిన ఫ్రెంచి జట్టు డెల్కో 2021లో డబ్బుల్లేక కూలిపోతే సీజన్ మధ్యలో వేరే జట్టు వెతుక్కున్నాడు. వీటన్నింటికంటే ముందు, అతను పెరిగిన ఊళ్లో సైకిల్ రేసు జనం వీధుల్లో నిలబడి చూసే ఆట. చిన్నప్పటి నుంచి గుంపులో తొక్కాడు.

మనకు లేనిది ఆ గుంపే.

నంది కొండ నిన్ను బలవంతుడిని చేస్తుంది. సముద్ర మట్టానికి 1,478 మీటర్ల ఎత్తు, బెంగళూరు నుంచి 60 కిలోమీటర్లు. ఎక్కేటప్పుడు ఎవడి ఊపిరి వాడిది. పైన నిలబడి యాప్‌లో టైమ్ చూసుకుంటాం, ఒంటి బరువులో కిలోకు ఎన్ని వాట్ల శక్తి వచ్చిందో లెక్కేసుకుంటాం. కింద టీ బంకు దగ్గర దాని మీదే చర్చ (చిక్కబళ్లాపురం చుట్టుపక్కల తెలుగు బాగా వినిపిస్తుంది, ఆ చర్చలో టీ పోసే ఆయన కూడా చేరతాడు). కానీ నూటయాభై మంది భుజాలు రాసుకుంటూ ఇరుకు రోడ్డులో మలుపు తిరిగేటప్పుడు ఎక్కడుండాలి, పక్కగాలి వీస్తే ఎవరి వెనక ఏ వైపు నక్కాలి, ఎవరు పారిపోతే వెంటపడాలి, ఎవరిని పోనివ్వాలి అన్నది కొండ నేర్పదు. అది రేసుల్లోనే వస్తుంది. వారానికి రెండు మూడు రేసులు, పదహారో ఏట నుంచి.

బెల్జియంలో కెర్మెస్ రేసులని ఉంటాయి. ఊరి తిరునాళ్లలాంటివి. చర్చి చుట్టూ ఆరేడు కిలోమీటర్ల రోడ్డు మూసేసి, వంద కిలోమీటర్లు దాటేదాకా చుట్లు కొట్టిస్తారు. కొద్దిపాటి ఎంట్రీ ఫీజు కడితే బయటి దేశంవాడైనా పోటీలో దిగవచ్చు. వేసవిలో దాదాపు రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతాయి. మొదటి ఇరవై ముప్పై మందికి ఏదో కాస్త డబ్బు ఇస్తారు. ఆ దేశపు సైకిల్ విద్యకు ఇవే వీధిబడులు. బెంగళూరు రైడర్ నవీన్ జాన్ ఈ సంగతి ముందే గ్రహించాడు. అమెరికాలో ఇంజినీరింగ్ చదువుతూ రేసింగ్ మొదలుపెట్టి, ఇక్కడికి వచ్చి జాతీయ టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీ పడే రేసు) చాంపియన్ అయ్యాక, బెల్జియం వెళ్లి ఈ కెర్మెస్‌లలో పడుతూ లేస్తూ నేర్చుకున్నాడు. ఆస్ట్రేలియాకు చెందిన కాంటినెంటల్ జట్టుకు ఆడాడు, 2016లో దోహా ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో భారత్ తరఫున టైమ్ ట్రయల్ తొక్కాడు. ఆయన కాళ్లకు వయసు మించాక దొరికిన అనుభవం, మన కుర్రాడికి పదిహేడో ఏట దొరకాలి.

మన వ్యవస్థ ఎలా ఉందో కర్ణాటకలోనే చూడొచ్చు. ఇక్కడ సైక్లిస్టుల పుట్టిల్లు విజయపుర, బాగల్‌కోట జిల్లాలు. రైతుల పిల్లలు, ఎండలో రాటుదేలిన కాళ్లు. జాతీయ పతకం కొడితే స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో సైన్యంలోనో ఉద్యోగం వస్తుంది. ఉద్యోగం వచ్చాక ఇల్లు నిలబడుతుంది. ఇందులో తప్పేమీ లేదు, నా పిల్లవాడైనా నేను అదే చేయమంటాను. కానీ మన దగ్గర ప్రొఫెషనల్ సైక్లిస్ట్ అంటే అర్థం అక్కడితో ఆగిపోయింది. 22 ఏళ్లకే గమ్యం చేరిపోయినట్టు. అసలు ఆట యూరప్‌లో ఆ వయసులోనే మొదలవుతుంది. ఇటు బెంగళూరులో డబ్బుంది, మంచి సైకిళ్లున్నాయి, ఫిజియోలు, తొక్కే బలం కొలిచే పవర్ మీటర్లు ఉన్నాయి. వాటి యజమానులు నాలాగా నలభై దాటినవాళ్లు. సత్తా ఒక చోట, సరంజామా ఒక చోట, మధ్య ఐదొందల కిలోమీటర్లు.

సదుపాయం కల్పిస్తే ఏమవుతుందో ట్రాక్ సైక్లింగ్ చూపించింది. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్‌లో (సైకిల్ పోటీల ట్రాక్ ఉన్న భవనం) పిల్లల్ని పెట్టి, రోజూ సాధన చేయించారు. 2019లో ఈసో ఆల్బన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్ జూనియర్ టీమ్ స్ప్రింట్‌లో ప్రపంచ చాంపియన్లయ్యారు. అండమాన్, మణిపుర్ పిల్లలు. 1964 తర్వాత ఒలింపిక్స్ సైక్లింగ్‌లో అడుగుపెట్టని దేశానికి అది చిన్న విషయం కాదు. అయితే ట్రాక్‌కు ఒక భవనం చాలు. రోడ్ రేసుకు రోడ్డే కావాలి, అది మన దగ్గర ఎప్పుడూ ఖాళీగా ఉండదు.

నిజంగా ఉండదా? ఏటా వరల్డ్ 10కే పరుగు కోసం ఈ నగరం నడిబొడ్డున రోడ్లు మూసేస్తారు. నగరం తట్టుకుంటోంది. దేవనహళ్లి ఏరోస్పేస్ పార్క్‌లో వెడల్పాటి రోడ్లు ఆదివారం పొద్దున ఖాళీగా పడి ఉంటాయి. ఐదు కిలోమీటర్ల చుట్టు, ఆరు నుంచి ఎనిమిది దాకా, నెలకు నాలుగు ఆదివారాలు మూస్తే చాలు. అంబులెన్సు, రేసు నిబంధనలు చూసే ఇద్దరు ముగ్గురు అధికారులు, పదహారేళ్లవాళ్లకు ఒక రేసు, ఆడపిల్లలకు ఒకటి, పెద్దవాళ్లకు ఒకటి. ఔత్సాహికులు తమ జేబులోంచి ఖర్చు పెట్టుకుని నగర శివార్లలో రేసులు నడుపుతూనే ఉన్నారు. వాళ్లకు ప్రతిసారీ అనుమతుల టెన్షన్, తెరిచిన రోడ్డు మీద టిప్పర్ల భయం. ఆ రెండూ తీసేయగలిగింది ప్రభుత్వమే. హిందూపురం, కదిరి, మదనపల్లె నుంచి రెండు మూడు గంటల్లో దేవనహళ్లి చేరుకోవచ్చు. మన సీమ పిల్లలకు హైదరాబాద్ కంటే ఇదే దగ్గర. విజయపుర పిల్లలకు రాత్రి బస్సు ఉంది. 2026 జనవరిలో పుణెలో అంతర్జాతీయ క్యాలెండర్‌లోని స్టేజ్ రేసు జరిగినప్పుడు సంతోషించాను. కానీ ఏడాదికోసారి వచ్చే పెద్ద రేసు పండగలాంటిది. పిల్లవాడు ఎదిగేది రోజువారీ తిండితో.

చిన్నప్పటి నుంచి గుంపులో తొక్కకపోయినా పైకొచ్చినవాళ్లున్నారు కదా, స్కీ జంపింగ్ (మంచు వాలు మీంచి గాల్లోకి దూకే ఆట) నుంచి వచ్చిన స్లొవేనియా రైడర్ రోగ్లిచ్ లేడా, ఇంట్లో ట్రైనర్ మీద ఆన్‌లైన్‌లో తొక్కే జ్విఫ్ట్ పోటీ గెలిచి పెద్ద జట్టులో పడ్డ జే వైన్ లేడా అని మిత్రులు అంటారు. ఉన్నారు. వైన్ అంతకుముందే ఆస్ట్రేలియా దేశవాళీ రేసుల్లో నలిగినవాడు. రోగ్లిచ్ లాంటివాళ్లను లెక్కలోకి తీసుకుని ఎవరి కొడుకు భవిష్యత్తూ నిర్ణయించలేం.

ఆ తండ్రికి నేను చెప్పింది ఇది: పీయూసీ ఆపొద్దు. పంతొమ్మిదేళ్ల దాకా చూడు. నంది కొండ టైమ్ అడగొద్దు, ఈ ఏడాది ఎన్ని రేసుల్లో గుంపుతోపాటు గీత దాటాడో అడుగు. సైకిల్ మార్చే డబ్బుంటే అది పక్కన పెట్టు, ఒక వేసవి బెల్జియం ఖర్చుకు పనికొస్తుంది.

మొన్న ఆదివారం దేవనహళ్లి వైపు ఒక చిన్న రేసు జరిగింది. అంగడి మధ్యాహ్నం దాకా మూసి ఆయన కూడా వచ్చాడు, చిత్రాన్నం డబ్బాతో. రేసు అయ్యాక కొడుకు చెమటలు కక్కుతూ వచ్చి గడ్డిలో కూలబడ్డాడు.

"ఎన్నోవాడు వచ్చినావురా?"

"పద్నాలుగు. పారిపోయిన ముగ్గుర్నీ నేనే లాక్కొచ్చినా నాయనా. మా క్లబ్ అన్న రెండోది వచ్చినాడు."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత డబ్బా మూత తీసి, ముందు ఆ క్లబ్ అన్నను పిలవమన్నాడు.