నిలువుకాళ్ల కొలువు

రోజుకు 10 గంటల వరకు పని చేయించుకోవచ్చంటూ రాష్ట్ర శాసనసభ 2025లో దుకాణాలు, సంస్థల చట్టాన్ని సవరించింది. అంతకుముందు అది 8 గంటలు. వారానికి 48 గంటలన్న హద్దును మాత్రం కదపలేదు. ఇందులో మొదటి ముక్క విజయవాడలోని పెద్ద షోరూముల యజమానులందరికీ తెలుసు. రెండో ముక్కను అక్కడ చీరలు మడతపెట్టే అమ్మాయిలకు ఎవరూ చెప్పినట్లు లేదు.

లెక్క వేసి చూద్దాం. రోజుకు 10 గంటల చొప్పున పనిచేస్తే ఐదో రోజు దుకాణం కట్టేయకముందే 48 నిండిపోతాయి. ఆ తర్వాత చేయించుకునే ప్రతి గంటా ఓటీయే, అంటే ఓవర్‌టైమే. దానికి రెట్టింపు రేటు కట్టాలి. నెలకు 12 వేలు వచ్చే సేల్స్‌గర్ల్ జీతాన్ని 26 రోజులకు, రోజుకు 8 గంటలకు భాగిస్తే గంటకు సుమారు 58 రూపాయలు. రెట్టింపు చేస్తే 115. ఉదయం పదింటికి షట్టర్ ఎత్తి రాత్రి పదింటికి దించే చోట భోజనానికి ఓ గంట తీసేసినా రోజుకు 11 గంటలు, ఆరు రోజులకు 66. అంటే వారానికి 18 గంటల ఓటీ. నెల తిరిగేసరికి అది 8 వేలు దాటుతుంది. ఈ డబ్బు ఎందరి చేతికి అందుతోందో జీతం స్లిప్పు చూస్తే తెలిసిపోవాలి. చాలామందికి ఆ స్లిప్పే ఇవ్వరు.

పనివాళ్లను ఎలా చూసుకోవాలో యజమానికి ప్రభుత్వం చెప్పాలా అని వ్యాపార వర్గాల్లో కొందరు అడుగుతుంటారు. నచ్చకపోతే మానేయొచ్చు, ఎవరూ కట్టేసి ఉంచలేదుగా అన్నది వాళ్ల వాదన. మానేసి ఎక్కడికి వెళ్లాలి? కొండపల్లి, నున్న, కంకిపాడు వైపు నుంచి ఇంటరో డిగ్రీయో చదివి వచ్చే అమ్మాయికి ఈ దుకాణం కాకపోతే పక్క దుకాణం. అక్కడా అదే టైము, అటూ ఇటుగా అదే జీతం. దూరం ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకైతే కొన్నిచోట్ల హాస్టలూ యజమానిదే, మెస్సూ యజమానిదే. ఉద్యోగం మానేసిన రాత్రికే తలదాచుకునే చోటు వెతుక్కోవాలి. ఇలాంటి బేరంలో ఇద్దరూ సమానులే, వాళ్లూ వాళ్లూ తేల్చుకుంటారులే అని ప్రభుత్వం పక్కకు తప్పుకోవడం కుదరదు. పెద్ద దుకాణాల్లో పని పరిస్థితుల మీద ప్రభుత్వ నియంత్రణ ఉండి తీరాలన్నదే మా అభిప్రాయం.

శ్రావణ శుక్రవారం ముందు రోజు బందరు రోడ్డులో ఏ షోరూముకైనా వెళ్లి పట్టుచీరల ఫ్లోర్‌లో కాసేపు కూర్చోండి. మీకు పరుపు ఉంటుంది, అడిగితే కూల్‌డ్రింకూ వస్తుంది. మీ ముందు ఇరవై చీరలు విప్పితే ఒకటి అమ్ముడుపోతుంది, ఒక్కోసారి అదీ లేదు. మిగతావన్నీ అంచుకు అంచు కలిపి, పల్లూ పైకి కనిపించేలా మడిచి, అట్టపెట్టి, కవర్లో దూర్చాలి. అది పూర్తికాకముందే ఇంకో కుటుంబం వచ్చి కూర్చుంటుంది. ఆ అమ్మాయి మాత్రం కూర్చోకూడదు. బేరం లేనప్పుడు గోడకు చేరగిలబడినా సీసీ కెమెరాలో చూసి ఫ్లోర్ మేనేజర్ పిలుస్తాడు. బాత్రూమ్‌కి వెళ్లాలంటే పక్క కౌంటర్‌లో ఒకరికి అప్పగించి, పర్మిషన్ తీసుకుని, సెల్లార్‌కో పై అంతస్తుకో పోవాలి. ఆ తిప్పలు పడలేక నీళ్లు తాగడం తగ్గించుకునేవాళ్లున్నారు. గోడౌన్ నుంచి మూటలు మోసే కుర్రాళ్ల సంగతి చెప్పాలంటే ఇంకో సంపాదకీయం కావాలి.

కూర్చోవడానికి కూడా ఉద్యమం చేయాల్సి వచ్చిన రాష్ట్రం కేరళ. కోజికోడ్‌లో దర్జీ పని చేసుకునే పి.విజి కూడగట్టిన 'పెణ్‌కూట్టు' మహిళలు మొదట బాత్రూములు అడిగారు, తర్వాత కుర్చీ అడిగారు. 2014 చివర్లో త్రిశూర్‌లో ఒక పెద్ద చీరల దుకాణం ముందు సేల్స్‌గర్ల్స్ మొదలుపెట్టిన సమ్మె నెలల తరబడి సాగింది. చివరికి 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టంలో కూర్చునే హక్కును చేర్చింది. 2021లో తమిళనాడు అదే బాట పట్టింది. ఇదేదో కొత్త కోరిక కూడా కాదు. దుకాణంలో ముగ్గురు మహిళా సిబ్బందికి కనీసం ఒక కుర్చీ వేయాలని బ్రిటన్ పార్లమెంటు 1899లోనే చట్టం చేసింది. విక్టోరియా రాణి కాలంలో లండన్ షాపులో పడిన కుర్చీ బెజవాడ చేరడానికి ఇంకా దారి వెతుక్కుంటోంది.

మన దగ్గర చట్టం లేదని చెప్పడానికీ వీల్లేదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర లేబర్ కోడ్‌లలో (పాత కార్మిక చట్టాలను కలిపి చేసిన కొత్త చట్టాలు) నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలన్న మాట ఉంది, ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలన్న మాట ఉంది. జీతాల్లో కోతల గురించైతే వేతనాల కోడ్ చాలా వివరంగానే చెప్పింది. ఫైన్లన్నీ కలిపినా జీతంలో 3 శాతం దాటకూడదు. 12 వేల జీతానికి అది 360 రూపాయలు. ఏ తప్పుకు ఫైను వేస్తారో ప్రభుత్వ అనుమతితో ముందే నోటీసు పెట్టాలి, సంజాయిషీ వినాలి, వసూలైన సొమ్మును రిజిస్టర్‌లో రాసి పనివాళ్ల బాగుకే ఖర్చుపెట్టాలి. పది నిమిషాలు లేటైతే ఆ పది నిమిషాల జీతమే కోయాలి తప్ప సగం రోజుది కాదు. స్టాక్ చూసుకున్నప్పుడు పీసు తగ్గితే ఆ కౌంటర్‌లో ఉన్న అందరి జీతాల్లో తలా ఇంత కటింగ్ పెట్టడం కొన్నిచోట్ల మామూలైపోయింది. కోడ్ ప్రకారం ఆ సరుకు ఆ మనిషికే అప్పగించి ఉండాలి, ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే పోయిందని తేలాలి. షాప్‌లిఫ్టింగ్ చేసింది ఒకరైతే జీతం పోగొట్టుకునేది ఇంకొకరు కావడం ఏ న్యాయం?

వన్‌టౌన్‌లో వస్త్రలతలోనో కృష్ణవేణి మార్కెట్‌లోనో ఇద్దరు గుమాస్తాలతో నెట్టుకొచ్చే వ్యాపారికి ఈ రిజిస్టర్లు, తనిఖీలు అంటే టెన్షనే. ఆన్‌లైన్ అమ్మకాలతో ఆయన ఇప్పటికే నలిగిపోతున్నాడు. ఆయన్ని, నాలుగు అంతస్తుల షోరూమును ఒకే గాటన కట్టమని మేము అడగడం లేదు. మా మాట 50 మందికి పైగా సిబ్బంది ఉన్న దుకాణాల గురించి. ఏ చీర ఏ కౌంటర్‌లో ఎన్ని నిమిషాలకు బిల్లయిందో చెప్పే కంప్యూటర్ వాళ్ల దగ్గర ఉంది. వేలిముద్ర హాజరు ఉంది. ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో తెలియదని వాళ్లు చెబితే నమ్మేదెవరు? అసలు ఓటీ కట్టి, ఈఎస్‌ఐ, పీఎఫ్ సక్రమంగా జమచేసే యజమానులూ ఈ ఊళ్లో ఉన్నారు. చట్టం ఎగ్గొట్టినవాడు వాళ్లకంటే తక్కువకు చీర అమ్మగలుగుతున్నాడు. నియంత్రణ లేకపోతే మొదట దెబ్బతినేది వాళ్లే.

చిక్కల్లా అమలుతోనే. కొత్త కోడ్‌లలో ఇన్‌స్పెక్టర్ కాస్తా 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అయ్యాడు. సలహా ఇవ్వడం మంచిదే, కానీ మధ్యాహ్నం పూట వచ్చి కాఫీ తాగి రిజిస్టర్ మీద సంతకం పెట్టి వెళ్లేవాళ్లకు ఏమీ కనిపించదు. రాత్రి తొమ్మిదిన్నరకు వస్తే కనిపిస్తుంది. అప్పటికీ కౌంటర్లలో మనుషులుంటారు, షట్టర్ సగం దించాక మడతలు, స్టాక్ సర్దడం మొదలవుతుంది. ఆ తర్వాత షేర్ ఆటో కోసం రోడ్డు మీద నిలబడాలి. అంత రాత్రి వరకు ఉంచుకున్నప్పుడు ఇంటికి చేర్చే బాధ్యత కూడా దుకాణానిదే కావాలి.

కూర్చునే హక్కును కేరళ, తమిళనాడు మాదిరిగా మన దుకాణాల చట్టంలోనే ఒక సెక్షన్‌గా పెట్టడానికి పెద్ద కసరత్తు అక్కర్లేదు. పని గంటలు పెంచడానికి ఒక సమావేశం సరిపోయింది, దీనికీ సరిపోతుంది. ఈలోగా కార్మిక శాఖ చేయగలిగింది ఒకటుంది. విజయవాడలో 50 మందికి పైగా పనిచేసే ప్రతి దుకాణం నుంచి గత మూడు నెలల వేలిముద్ర హాజరు, జీతాల పట్టిక రెండూ తెప్పించుకొని పక్కపక్కన పెట్టి చూడాలి. 48 గంటలు దాటిన చోట బకాయి ఎంతో తేల్చి, దసరా జీతంతో కలిపి బ్యాంకు ఖాతాల్లో వేయించాలి.