తాళం ఎవరి చేతిలో ఉంటే వాళ్లనే అడగాలి

"తాలిబాన్‌తో కూర్చుని మాట్లాడేవాళ్లది సేవ అంటే ఎలా నమ్మేది?" అని ఈమధ్య ఒకరు నన్ను నిలదీశారు. మాట యాన్ ఎగెలాండ్ గురించి. అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్పట్నుంచీ అదే మనసులో తిరుగుతోంది.

ఎగెలాండ్ నార్వే దౌత్యవేత్త. ఇజ్రాయెల్, పాలస్తీనావాళ్ల మధ్య 1993లో కుదిరిన ఓస్లో ఒప్పందానికి దారితీసిన రహస్య చర్చల వెనక ఉన్నవాళ్లలో ఆయనొకరు. 2003 నుంచి 2006 దాకా ఐక్యరాజ్యసమితి సహాయ కార్యక్రమాలు చూశారు. 2013 నుంచి, శరణార్థులకి సాయం చేసే నార్వేజియన్ రెఫ్యూజీ కౌన్సిల్ అనే సంస్థని నడుపుతున్నారు.

దౌత్యం అంటే తీపి మాటలే అనుకునేవాళ్లకి 2004 డిసెంబర్ గుర్తుచేయాలి. సునామీ వచ్చిన మర్నాడే, సాయం విషయంలో ధనిక దేశాలది పిసినారితనం అనేశారాయన. అమెరికాకి బాగా కోపమొచ్చింది. రానీండి, అనాల్సిన మాటే.

2006 నవంబర్‌లో సూడాన్, కాంగో సరిహద్దు అడవిలోకి వెళ్లి జోసెఫ్ కోనీని కలిశారు. ఉగాండాలో పిల్లల్ని ఎత్తుకెళ్లి చేతికి తుపాకులిచ్చినవాడు కోనీ. అప్పటికే అతని మీద అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వారెంట్ ఉంది. పిల్లల్ని, ఆడవాళ్లని, గాయపడ్డవాళ్లని వదిలేయమని ఈయన అడిగారు. అలాంటివాళ్లు మా దగ్గర లేరన్నాడు. కాసేపట్లోనే అంతా అయిపోయింది, ఒట్టి చేతులతో తిరిగొచ్చారు. దాన్ని విజయమని నేనూ అనను. కానీ అడగకుండా ఉంటే ఆ పిల్లలకి ఏం ఒరిగేది?

ఇక ఆఫ్ఘనిస్తాన్‌ని ఏలుతున్న తాలిబాన్. 2022 డిసెంబర్ 24న స్వచ్ఛంద సంస్థల్లో ఆడవాళ్లు పనిచేయకూడదని ఉత్తర్వు ఇచ్చారు. మహిళా సిబ్బంది లేకుండా పనిచేయలేమని ఎగెలాండ్ సంస్థ, మరికొన్ని సంస్థలతో కలిసి అక్కడ పని ఆపేసింది. దీని అర్థం తెలియాలంటే ఒక ఇంటి గుమ్మం ఊహించుకోండి. లోపల భర్త పోయిన ఒకావిడ, చిన్నపిల్లలు. పరాయి మగవాడు లోపలికి రాకూడదు, ఆవిడ బయటికొచ్చి అతనితో మాట్లాడకూడదు. మరి సాయం జాబితాలో ఆవిడ పేరు రాసుకునేదెవరు? ఆడమనిషి వెళ్తేనే ఆ తలుపు తెరుచుకుంటుంది.

పని ఆపేసి ఆయన ఊరుకోలేదు. తాలిబాన్ అధికారులతో మాట్లాడటానికి 2023 జనవరిలో కాబూల్ వెళ్లారు, మే నెలలో కాందహార్ వెళ్లారు. వైద్యం లాంటి కొన్ని పనులకి సడలింపులొచ్చాయి, నిషేధం మాత్రం తొలగలేదు. ఆ ఉత్తర్వు ఇచ్చినవాళ్లూ, దాన్ని వెనక్కి తీసుకోగలిగినవాళ్లూ వాళ్లే. ఆ గుమ్మం వెనకున్నావిడ కోసం ఆయన ఇంకెవరి దగ్గరికి వెళ్లాలో, నన్ను నిలదీసినవాళ్లే చెప్పాలి.