మెట్ల వంతు, పప్పు విజిల్

జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో అద్దెకు దిగిన వాళ్ళకి పక్కింటివాళ్ళ కంటే ముందు పరిచయమయ్యేది ఓ చిన్న పలక. ఏదో ఒక సోమవారం పొద్దున్న అది మన తలుపుకి వేలాడుతూ ఉంటుంది. దాని మీద 'కేర్‌వోఖె' అని రాసి ఉంటుంది. ఈ వారం మెట్లు ఊడ్చి తుడిచే వంతు మనదన్నమాట. ఎవరి చెత్త వాళ్ళు వారం వారం ఎత్తి పారేయాలని 1492లోనే ఈ ఊరివాళ్ళు చట్టం రాసుకున్నారు. 1988లో నగరపాలక సంస్థ ఈ వంతుల నిబంధన ఎత్తేసింది. ఎత్తేస్తే ఏమైంది? ఇళ్ళ ఓనర్లు దాన్ని తీసుకెళ్ళి అద్దె ఒప్పందాల్లో పెట్టుకున్నారు. మా బిల్డింగ్‌లో కింది వాటా పెద్దావిడని చూస్తే, 1492 నుంచీ ఆవిడే దగ్గరుండి చూసుకుంటున్నారేమో అనిపిస్తుంది.

వంతు వారమంతా ఉన్నా, అసలు పని జరిగేది శనివారమే. అదీ మధ్యాహ్నం ఒంటిగంట లోపు. ఒంటిగంట నుంచి మూడింటి దాకా చప్పుడు చేయకూడదని మా బిల్డింగ్ నిబంధనల కాగితంలో ఉంది. ఆ శనివారం మా ఆయన సూపర్‌మార్కెట్‌కి వెళ్ళారు. ఆదివారం షాపులుండవు కాబట్టి, శనివారం దేశమంతా తుఫాను హెచ్చరిక వచ్చినట్టు పాలూ బ్రెడ్డూ కొంటుంది. నేను పొయ్యి మీద కందిపప్పు కుక్కర్ పెట్టి, నైటీ మీద చున్నీ వేసుకుని, చీపురూ తడిగుడ్డా పట్టుకుని మెట్ల మీదికొచ్చాను.

ఇక్కడ ఇంకో రూలుంది. ఎంత చలిలోనైనా రోజుకు రెండు మూడు సార్లు కిటికీలు బార్లా తెరిచి ఇంట్లో గాలి మార్చాలి. లేకపోతే గోడలకి బూజు పడుతుంది, బూజు పడితే అడ్వాన్సులో కోత పడుతుంది. వంట చేసేటప్పుడైతే తప్పనిసరి. సరే, చెప్పినట్టే అన్ని కిటికీలూ తీశాను. వెనక కిటికీలు తెరిచి, ముందు తలుపు తెరిచి, మధ్యలో జనవరి గాలి. ఈ దేశం పెట్టిన రెండు రూల్సూ ఒకేసారి పాటిస్తే ఏమవుతుందో ఏ ఒప్పందంలోనూ రాయలేదు.

తలుపు ఠపీమని పడింది.

జర్మనీ తలుపుల గురించి తెలియని వాళ్ళకి ఓ మాట. బయటివైపు ఉండే పిడి అలంకారానికే. తిప్పితే తిరగదు, నొక్కితే దిగదు. తిరిగే హ్యాండిల్ లోపలివైపు మాత్రమే ఉంటుంది. తాళం వేయనక్కర్లేదు, మూసుకుంటే చాలు, తాళంచెవి లేకుండా బ్రహ్మదేవుడైనా బయటే. తాళంచెవి లోపల. ఫోను లోపల. కుక్కర్ లోపల.

మొదటి విజిల్ వచ్చింది.

తాళాలు తీసేవాళ్ళు దొరక్కపోరు. కానీ శనివారం మధ్యాహ్నం దాటితే రేటు వేరు. చిన్న తలుపుకి వందల యూరోలు గుంజే వాళ్ళున్నారు జాగ్రత్త అని వినియోగదారుల సంఘాలు మొత్తుకుంటూనే ఉంటాయి. అయినా పిలవడానికి ఫోనేదీ?

రెండో విజిల్‌కి కింది వాటా పెద్దావిడ పైకొచ్చారు. ముందు మెట్ల మూలలు చూశారు. తర్వాత నన్ను. తర్వాత గడియారం. ఒంటిగంటకి ఇంకా ఏడు నిమిషాలుంది.

"ఆ శబ్దం ఏమిటి?"

"పప్పండీ" అన్నాను, నాకొచ్చిన జర్మన్‌లో.

"మాకూ కుక్కర్ ఉంది. అది అరవదు."

ఇండియా కుక్కర్లు ఉడికిన సంగతి ఊరందరికీ చెబుతాయని వివరించేంత జర్మన్ నా దగ్గర లేదు. తలుపు చూపించి, చేతులు తిప్పి, గాలి ఊది చూపించాను. ఆవిడకి వెంటనే అర్థమైంది. "గాలి మార్చడానికి కిటికీలు తీశావా?" అన్నారు. మొదటిసారి ఆవిడ మొహంలో నా మీద గౌరవం కనిపించింది.

ఆవిడ ఫోనిచ్చారు. మా ఆయన నంబరు నాకు నోటికి రాదు. పెళ్ళయినప్పటి నుంచీ ఫోనులో ఆయన పేరే నొక్కుతున్నాను, అంకెలతో పనేముంది? నోటికొచ్చింది తెనాలిలో మా నాన్నగారు ఇప్పటికీ వదలని ల్యాండ్‌లైన్ ఒక్కటే. "ఇండియాకా?" అని పెద్దావిడ పెన్నూ కాగితం తెచ్చుకుని టైము రాసుకున్నారు.

"అమ్మా, బయట ఇరుక్కుపోయాను, ఆయనకి వాట్సాప్ చేసి త్వరగా రమ్మను."

"కుక్కర్లో ఏం పెట్టావే?"

"పప్పు. అమ్మా, తలుపు..."

"నీళ్ళు సరిపడా పోశావా?"

మూడో విజిల్ తెనాలి దాకా వినపడింది. "మూడైంది, ఇంక దించెయ్" అంది అమ్మ.

విజిళ్ళు ఆగడం లేదు. నా భయమంతా నీళ్ళు ఇగిరిపోయాక సంగతి. పప్పు మాడితే పొగ, పొగ వస్తే వరండా సీలింగ్‌కి బిగించిన అలారం, అది మోగితే ఫైరింజన్. నైటీలో ఫైరింజన్‌కి ఎదురెళ్ళడం తలుచుకుంటేనే టెన్షన్.

అప్పుడు పై అంతస్తు స్టూడెంట్ కుర్రాడు దిగాడు. చేతిలో ఖాళీ నీళ్ళ సీసా, ఇంకో చేతిలో కత్తెర. ప్లాస్టిక్ సీసాని పలకలా కత్తిరించి తలుపు సందులో దూర్చి, గడియ దాకా జరిపితే తెరుచుకుంటుందట. కత్తెర పెట్టబోయాడు.

"ఆగు!" అని పెద్దావిడ అరిచారు. బిల్డింగ్‌లో ఆ రోజు కుక్కర్ కంటే గట్టిగా వినిపించింది అదే. "దాని మీద డిపాజిట్ ఉంది. 25 సెంట్లు!"

నిజమే. సీసా చెక్కుచెదరకుండా సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తేనే ఆ 25 సెంట్లు వెనక్కొస్తాయి. కుర్రాడు కత్తెర దించేశాడు. నేను పావు యూరో కాదు, పది యూరోలిస్తాను కోసెయ్యమన్నాను. ఇద్దరూ నా వైపు అదోలా చూశారు. పెద్దావిడ కిందికి దిగి, తన ప్లాస్టిక్ చెత్తలోంచి, డిపాజిట్ లేని, శుభ్రంగా కడిగి ఆరబెట్టిన బట్టల కండిషనర్ డబ్బా తెచ్చారు. ఈలోపు ఇంకో రెండు విజిళ్ళు.

కుర్రాడు పలక దూర్చాడు, నేను తలుపు ఊపాను, పెద్దావిడ ఎడమకి, కొంచెం పైకి, ఇంకా కిందికి అని నడిపించారు. టక్కుమంది. ఒంటిగంటకి ఒక నిమిషం ముందు స్టవ్ ఆపేశాను.

అప్పుడే మా ఆయన సగం సరుకులతో రొప్పుతూ వచ్చారు. చేతిలో ఫోను, ఫోనులో వీడియో కాల్, అందులో అమ్మ. "పప్పు అడుగంటిందా?" అనే ఇంకా అడుగుతోంది. కాస్త అంటింది. పైన ఉన్నదాంట్లో నెయ్యి వేసి పెద్దావిడకీ కుర్రాడికీ చెరో గిన్నెలో ఇచ్చాను. ఆవిడ గిన్నె తీసుకుని, ఫోన్ టైము రాసుకున్న కాగితం మాత్రం నాకు వదిలి వెళ్ళారు.

సాయంత్రం మా ఆయన ఆ కండిషనర్ డబ్బా ముక్కని అంచులు గుండ్రంగా కత్తిరించి, ఓ చిల్లు పెట్టి, దారం కట్టారు. మళ్ళీ ఇలాంటి అవసరమొస్తే వెతుక్కోకుండా ఉంటుందని, భద్రంగా ఇంట్లో తాళాల స్టాండుకి తగిలించారు.