సవరణ: చూపు దిశ తెలియకపోవడం కాదు

సోషల్ యాంగ్జైటీ (నలుగురిలో ఉన్నప్పుడు కలిగే తీవ్రమైన ఆందోళన) ఉన్నవారు ఎదుటివాళ్ల చూపు ఎటు ఉందో పోల్చుకోలేరని గత పోస్టులో రాశాను. అది తప్పు. చూపు ఎడమకా కుడికా అన్నది వాళ్లకూ తెలుస్తుంది. తేడా వచ్చేది ‘నన్నే చూస్తున్నారు’ అని గీసుకునే హద్దు దగ్గర. చూపు దిశను కొద్దికొద్దిగా మారుస్తూ చేసిన ప్రయోగాల్లో తేలింది ఇదే.

ఆ హద్దు ఎవరికీ గీత గీసినట్టు ఉండదు. మీటరు దూరంలో ఉన్న మనిషి మన ముక్కుకు బదులు చెవి వైపు చూస్తే తేడా 4 డిగ్రీలే. అది ఎవరికైనా దాదాపు నేరుగా చూసినట్టే ఉంటుంది. భుజం అంచుకు సుమారు 11 డిగ్రీలు. అక్కడికి వచ్చేసరికి చాలామందికి చూపు తప్పుకున్నట్టు తెలిసిపోతుంది. ఆందోళన ఎక్కువైతే ఈ పరిధి వెడల్పవుతుంది, పక్కకు పోయిన చూపు కూడా తన ఖాతాలోనే పడుతుంది. చూసే మనిషి పక్కన మరో మనిషి ఉన్నప్పుడే ఈ తేడా బయటపడిందని ఒక ప్రయోగం చెబుతోంది. అంటే గుంపులో ఇబ్బంది పెరగడం ఉత్త ఊహేమీ కాదు.

తల దించుకుంటే ఈ పొరపాటు సరిదిద్దుకునే వీలే పోతుంది. ఎదుటివాళ్లు చూపు తిప్పుకున్న క్షణం కనపడదు కదా. అందుకే చికిత్సలో తలెత్తి చూసి, అంచనాను సరిపోల్చుకోమంటారు.

ఇంకొకటి: ఎదుటివాళ్ల కళ్లలోకి ‘3 సెకన్లు చూడాలి’ అని ఆ పోస్టులోనే నియమంలా రాశాను. ఒక అధ్యయనంలో తేలిన 3.3 సెకన్లన్నది జనం ఇష్టపడిన వ్యవధి సగటు మాత్రమే. లెక్కపెడుతూ చూస్తే మాట మీద ధ్యాస పోతుంది.