సన్‌స్క్రీన్ ట్యూబు గారికి, బోర్లా పడుకుని రాస్తున్న లేఖ

మహారాజశ్రీ సన్‌స్క్రీన్ ట్యూబు గారి సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కుశలం మీ ఒక్కరికే ఉంది. నేను నిన్న రాత్రి నుంచి బోర్లానే ఉన్నాను. దుప్పటి తగిలితే మంట, ఫ్యాను గాలి తగిలితే మంట. "అయ్యో పాపం" అని ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఇక చెప్పక్కర్లేదు.

నిన్న చొక్కా విప్పేసి పడవలో మూడు గంటలు కూర్చున్నాను. పల్చగా మబ్బు, చల్లటి గాలి. ఒళ్లు వెచ్చబడిందే లేదు. వెచ్చగా అనిపించే కిరణం ఒకటి, కాల్చేది ఇంకొకటి అని అప్పుడు గుర్తుంటే కదా! కాల్చే అతినీలలోహిత (యూవీ) కిరణాలు ఒంటికి తెలియనే తెలియవు. పల్చటి మబ్బు వాటిలో 80 శాతం దాకా కిందికి వదిలేయగలదు. సరే, మబ్బుతో గొడవ మబ్బుతోనే తేల్చుకుంటాను. మీ సంగతి వేరు.

నుదుటి మీద ఎస్‌పీఎఫ్ 50 అని, ఎండ కాల్చకుండా ఎంత కాపాడతారో చెప్పే అంత పెద్ద అంకె వేసుకున్నారు కదండీ, అది చూసే దిగాను. వీపు మీద చీమ తలకాయంత అక్షరాల్లో "ధారాళంగా రాయండి" అని కూడా ఉంది. ధారాళం అంటే ఎంత? నాకు తెలిసిన ధారాళం బఠాణీ గింజంత. తీరా చూస్తే ప్రయోగశాలలో మీకు ఆ 50 మార్కులు వేసింది చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు పూసిన తర్వాతట. అంత మందంగా పూసుకునేవాణ్ణి నా జన్మలో చూడలేదు.

బోర్లా పడుకున్నవాడికి వేరే పనేముంది, లెక్క కట్టాను. పెద్ద మనిషి ఒళ్లంతటికీ ఒక పూతకు సుమారు 30 మిల్లీలీటర్లు. రెండు గంటలకోసారి మళ్లీ పూయాలి, చెమట పట్టినా నీళ్లలో దిగినా అంతకన్నా ముందే. ఉదయం పదింటి నుంచి నాలుగింటి దాకా బయట ఉంటే మూడు పూతలు, 90 మిల్లీలీటర్లు. మీ పొట్టలో ఉన్నదే 50 మిల్లీలీటర్లు! అంటే పన్నెండు గంటల పూత మధ్యలోనే మీరు చేతులెత్తేయాలి. అలాంటిది నా దగ్గర ఎన్నాళ్లున్నారో తెలుసా? రెండేళ్లు. ఇంకా సగం ఉన్నారు. గడువు దాటి నాలుగు నెలలైందని ఇవాళే చూశాను.

ఒప్పుకుంటాను, అందులో నా పిసినారితనం ఉంది. కానీ ఎంత రాయాలో ఆ 50 పక్కన అంతే పెద్దగా రాస్తే నీ సొమ్మేం పోయింది? 15 అంకె వాడు యూవీబీని, అంటే యూవీలో ఒళ్లు కాల్చే రకాన్ని, 93 శాతం ఆపుతాడు, 30 వాడు 97, నువ్వు 98. ఒక్క శాతానికి ఇంత డాబా! అదీ సరిగ్గా పూస్తేనే. చర్మాన్ని ముసలిదాన్ని చేసే ఇంకో రకం, యూవీఏ మాటెత్తితే ఈ అంకె నోరు మెదపదు, దానికి వేరే గుర్తు వెతుక్కోవాలి.

పైగా నమ్మకద్రోహం ఒకటి. పడవ దిగేటప్పుడు ఒంటి మీద మచ్చ లేదు. నీకు మనసులో దణ్ణం కూడా పెట్టుకున్నాను. ఎరుపు తేలింది నాలుగైదు గంటల తర్వాత. లోపల కణాల డీఎన్‌ఏ దెబ్బతిని, రక్తనాళాలు ఉబ్బి, తెల్లారేసరికి వీపు పెనంలా తయారైంది. తడిగుడ్డ వేస్తున్నారు, నీళ్లు తాగిస్తున్నారు, బొబ్బలొస్తే చిదమొద్దని ముందే తిడుతున్నారు. ఇక తోలు ఊడడం మిగిలింది.

మీ వంశంలో పెద్దాయన, రసాయన శాస్త్రం చదివిన ఫ్రాంజ్ గ్రైటర్ 1938లో ఆల్ప్స్‌లోని పిజ్ బుయిన్ కొండెక్కి, బాగా కమిలిపోయాకే మీ తయారీకి పూనుకున్నాడంటారు. ఒళ్లు మండి పుట్టించిన వంశం మీది. నా ఒళ్లు ఎందుకు మండుతోందో మీకు అర్థం కావాలి.

విప్పి సంచీలో కుక్కిన ఆ పొడుగు చేతుల చొక్కాను తలుచుకుంటే ఏడుపొస్తోంది. దానికి నుదుటి మీద అంకె లేదు, రెండు గంటలకోసారి బతిమాలించుకోదు.

అయినా ఒకటి దాచకూడదు. పొద్దున అద్దంలో వెనక్కి తిరిగి చూసుకున్నాను. వీపంతా కమిలిపోయింది కానీ ఎడమ భుజం వెనక నాలుగు వేళ్ల అచ్చు మాత్రం పాత రంగులో నిక్షేపంగా ఉంది. నా చెయ్యి అందింది అంతవరకే. అక్కడ పొరపాటున దండిగా పడ్డట్టున్నారు. గడువు దాటిన ప్రాణంతో కూడా ఆ కాస్త చోటూ కాపలా కాశారు.

తోలు ఊడి ఒళ్లు కుదుటపడ్డాక మీ తమ్ముణ్ణి తెచ్చుకుంటాను. ఈసారి పెద్ద సీసా. వీపుకు రాసిపెట్టమని ఇంట్లో వాళ్లను ఇప్పటి నుంచే కాకా పడుతున్నాను.

ఇట్లు,
నాలుగు వేళ్ల మేర మాత్రమే మీవాడు