అరవై–సున్నా ప్లీడర్లు

మా అక్క కొడుకు లా మూడో ఏడు చదువుతున్నాడు. "ప్రాక్టీసు ఎక్కడ పెడితే బాగుంటుంది మామయ్యా?" అని మొన్న అడిగాడు. ఇక్కడ కోర్టు ఆవరణలో చెట్టుకి పదిమంది నల్లకోట్లు కనిపిస్తారు. వాడికి పదకొండో చెట్టు దొరికేలా లేదు. బాగా ఆలోచించి మారిషస్ వెళ్ళమన్నాను.

మనకి బొత్తిగా తెలియని చోటేమీ కాదు. కోరంగి రేవులో ఓడెక్కి చెరకు తోటల్లో కూలికి వెళ్ళిన మనవాళ్ళని అక్కడ కోరంగీలనే పిలిచేవారు. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇస్తారు. దేశం మొత్తం 2,040 చదరపు కిలోమీటర్లు. ఉమ్మడి ప్రకాశం జిల్లాలో ఎనిమిది మారిషస్‌లు పట్టగా పశువులు మేపుకోవడానికి ఇంకా చోటు మిగులుతుంది. అలాంటి చోట ప్లీడరుకి క్లయింట్లు ఎంతమంది ఉంటారు? అందుకని తెలివైనవాడు దేశాన్నే క్లయింటుగా పెట్టుకుంటాడు.

ఈ కిటుకుని అక్కడ ప్రధానిగా చేసిన సర్ అనిరుధ్ జగన్నాథ్‌ని చూసి నేర్చుకోవాలి. 1930లో పుట్టారు. లండన్‌లో లింకన్స్ ఇన్‌లో బారిస్టరీ చదివి వచ్చి, 1963లో శాసనసభకు ఎన్నికయ్యారు. 1967 ఎన్నికల్లో మాత్రం పోటీ చేయకుండా మేజిస్ట్రేటుగా వెళ్ళారు. రాజకీయాల్లోంచి కోర్టుకి వెళ్ళి, మళ్ళీ కోర్టులోంచి రాజకీయాల్లోకి రావడాన్ని మనం చంచలత్వం అనుకుంటాం. వృత్తిలో ఉన్నవాళ్ళు దాన్ని వాయిదా అంటారు.

ఆ వాయిదా 1982లో తీరింది. మారిషస్ ద్వీపంలో 20 నియోజకవర్గాలుంటే ఒక్కోదానికి ముగ్గురు సభ్యులు, వెరసి అరవై సీట్లు. ఆయన కూటమికి అరవైకి అరవై వచ్చాయి. స్వాతంత్ర్యం తెచ్చిన పెద్దాయన శివసాగర్ రామ్‌గులాం పక్షానికి అక్కడ ఒక్కటీ రాలేదు. కబడ్డీలో కూడా ఇలాంటి స్కోరు చూడం. అవతలి పక్షం లేకుండా వాదించడం ఏ ప్లీడరుకైనా కలే కదా! కానీ ఆ దేశపు రాజ్యాంగం దయగలది. ఏ వర్గానికైనా సభలో చోటు తక్కువైతే, ఓడినవాళ్ళలో మెరుగ్గా ఓడినవాళ్ళని ఏరి కూర్చోబెడుతుంది. ఆ పద్ధతికి అధికారికంగానే 'బెస్ట్ లూజర్' అని పేరు. డిపాజిట్ పోగొట్టుకుని ఇంట్లో పడుకునే మన అభ్యర్థులు ఇది వింటే కోర్టుకెక్కుతారు.

అరవైమందీ ఒకవైపే ఉంటే పోట్లాడుకోవడానికి ఎవరూ ఉండరు గనక వాళ్ళలో వాళ్ళే పోట్లాడుకున్నారు. ఏడాది తిరక్కుండానే ఆర్థిక మంత్రి పాల్ బెరాంజే రాజీనామా చేశాడు, కూటమి చీలింది. జగన్నాథ్ 1983లో సొంత పార్టీ పెట్టి మళ్ళీ గెలిచారు. 1995 దాకా ఆయనే ప్రధాని. నీతి కడుపు నింపదు అని అక్కడి వాడుక భాష క్రియోల్‌లో ఒక మాట ఆ దేశంలో ఆయన పేరు మీద చెలామణీలో ఉంది. ఒప్పుకోక తప్పదు, ఆయన హయాంలో బట్టల ఫ్యాక్టరీలు వచ్చాయి, జనానికి పని దొరికింది. కడుపు సంగతి ఆయన చూశారు. నీతి సంగతి అప్పటికి పెండింగ్.

1995లో స్కోరు మళ్ళీ అరవై–సున్నా. ఈసారి సున్నా జగన్నాథ్‌గారిది. ఓడించింది శివసాగర్‌గారి అబ్బాయి నవీన్. ఆయన ముందు డాక్టరు, తర్వాత బారిస్టరు. పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది బెరాంజే.

అంత దెబ్బ తిన్నాక బెరాంజే మొహం చూడరనుకుంటాం. 2000లో అదే బెరాంజేతో ఒప్పందం కుదిరింది: ఐదేళ్ళ పదవిలో మొదటి మూడేళ్ళు నావి, చివరి రెండేళ్ళు నీవి. మన ఊళ్ళో అన్నదమ్ములు ఉమ్మడి బోరుబావి వాడుకునే పద్ధతి ఇదే. విచిత్రం ఏమిటంటే మాట తప్పలేదు. 2003లో కుర్చీ అప్పగించి తాను దేశాధ్యక్షుడయ్యారు. అక్కడితో మనిషి రిటైరయ్యాడని అనుకున్నవాళ్ళకి ప్లీడర్ల సంగతి తెలియదు. 2012లో అధ్యక్ష పదవికి రాజీనామా చేసి మళ్ళీ వీధిలోకొచ్చారు. 2014 చివర్లో, 84 ఏళ్ళ వయసులో, మళ్ళీ ప్రధాని.

2017 జనవరిలో ఆయన లేచారు, కొడుకు ప్రవింద్ కూర్చున్నాడు. ప్రవింద్ కూడా బారిస్టరే. మధ్యలో ఎన్నిక లేదు. ప్రతిపక్షం దీన్ని 'పాపా–పిటి డీల్' అంది, అంటే నాన్నా–బుజ్జిగాడి బేరం. చట్టప్రకారం చూస్తే వంక పెట్టడానికి లేదు: పార్టీ నాయకుడు కొడుకే, సభలో మెజారిటీ వాళ్ళదే. ఇంటి పత్రాలు ప్లీడరు రాసుకుంటే తప్పులుంటాయా? తర్వాత నాన్నగారు కొడుకు మంత్రివర్గంలో 'మినిస్టర్ మెంటార్' అయ్యారు. ఇలాంటి హోదాయే అంతకుముందు సింగపూర్‌లో లీ క్వాన్ యూకి ఉండేది. అదీ ద్వీపమే, ఆయనా లాయరే. వీళ్ళకి సముద్రపు గాలి పడుతుందేమో.

ఒక్కచోట మాత్రం నా వెటకారం ఆగిపోయింది. 2018 సెప్టెంబరులో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానంలో ఛాగోస్ దీవుల గురించి మారిషస్ తరఫున మొదట లేచి మాట్లాడింది ఆయనే. ఆ దీవుల్ని బ్రిటన్ మారిషస్ నుంచి విడదీసుకున్న 1965లో లండన్ చర్చలకు వెళ్ళినవాళ్ళలో అప్పటికి మిగిలింది ఆయనొక్కరే. ఆయనకప్పుడు 88 ఏళ్ళు. మరుసటి ఏడు న్యాయస్థానం మారిషస్ మాటే సరైనదని అభిప్రాయం చెప్పింది. జీవితమంతా వాదించినవాటిలో ఆయనకి ఫీజు పూర్తిగా ముట్టిన కేసు ఇదే అనిపిస్తుంది నాకు.

2021లో పోయారు. మూడేళ్ళకి, 2024 నవంబరులో, ప్రవింద్ ఎన్నికలకు వెళ్ళాడు. ఎదుట అదే నవీన్ రామ్‌గులాం, పక్కన అదే బెరాంజే. స్కోరు చెప్పక్కర్లేదుగా? నాన్నకి ఇచ్చిన తీర్పే, అంకె కూడా మార్చకుండా, అబ్బాయికీ ఇచ్చారు.

ఇదంతా విని మా వాడు కాసేపు తలగోక్కున్నాడు. "మరి నాకు కుర్చీ ఎవరిస్తారు మామయ్యా?" అన్నాడు. నిజమే, ఆ సంగతి నేను ఆలోచించలేదు. మా బావ పోస్టాఫీసులో క్లర్కు. కౌంటరు దగ్గర లేచి కొడుకుని కూర్చోబెడితే సాయంత్రానికల్లా సస్పెండ్ చేస్తారు.